ఆర్‌వీ ట్రిప్‌కి ముందు సైట్, తర్వాతే బండి – నా అనుభవం

ఆర్‌వీ (లోపలే పడకలు, వంటిల్లు ఉండే ఇల్లులాంటి బండి) అంటే ఎక్కి ఎటు బుద్ధి పుడితే అటు పోవడం, చీకటి పడితే ఎక్కడో చోట ఆపుకోవడం అని ఇక్కడ అమెరికాలో ఎప్పట్నుంచో ఉంటున్న మా బావగారు చెప్తుంటారు. మేము యూటాలో జయాన్ నేషనల్ పార్క్ వెళ్దామని కూర్చున్నప్పుడు మాత్రం వరస మొత్తం తలకిందులైంది, ముందు సైట్ (క్యాంప్‌గ్రౌండ్‌లో బండి ఆపుకుని ఉండే చోటు) దొరకాలి, సైట్ పొడవుని బట్టి బండి, బండి ఎత్తుని బట్టి దారి.

కరోనా టైమ్‌లో జనం ఆర్‌వీల మీద పడ్డారు కదా, 2021లో ఒక్క ఏడాదిలోనే 6 లక్షల బండ్లు ఫ్యాక్టరీల నుంచి బయటికొచ్చాయి. 2023కి అది 3 లక్షల 13 వేల దాకా పడిపోయింది, కానీ అప్పుడు కొన్న బండ్లు ఎక్కడికి పోతాయి, పార్కుల్లో సైట్లేమో ఆ లెక్కన పెరగలేదు.

జయాన్‌లోని వాచ్‌మన్ క్యాంప్‌గ్రౌండ్ బుకింగ్ 6 నెలల ముందు ఓపెన్ అవుతుంది, రిక్రియేషన్ డాట్ గవ్ వెబ్‌సైట్‌లో, ఈస్టర్న్ టైమ్ పొద్దున 10కి, అంటే మాకు 7కి. లాగిన్ అయి, సైట్ నంబర్లు రాసి పెట్టుకుని కూర్చున్నా కూడా కరెంట్ ఉన్న సైట్లు చూస్తుండగానే అయిపోయాయి. అప్పుడు చేసిన మంచి పని, అదే వెబ్‌సైట్‌లో అలర్ట్ పెట్టుకోవడం. ఎవరో క్యాన్సిల్ చేసుకున్న సైట్ మెసేజ్ రాగానే పట్టేశాం. ఈ రోజుల్లో ఇదే సరైన పద్ధతి అని నా గట్టి నమ్మకం, నిరాశపడి వదిలేయకండి.

ఆ తర్వాత క్లాస్ సి బండి (డ్రైవర్ సీటు పైన కూడా పడక ఉండే మధ్య సైజు ఆర్‌వీ) రెంట్‌కి తీసుకున్నాం. జయాన్ తూర్పు దారిలో 1930 నాటి సొరంగం ఉంది, 11 అడుగుల 4 అంగుళాలు, ఆపైన ఎత్తున్న బండి అందులో తన లేన్‌లో పట్టదు. మేము వెళ్ళినప్పుడు 15 డాలర్ల పర్మిట్ కడితే ఎదురు ట్రాఫిక్ ఆపి మధ్యలోంచి పంపేవాళ్ళు. 2026 జూన్ 7 నుంచి అలాంటి పెద్ద బండ్లు ఆ దారిలో వెళ్ళకూడదని పార్క్ రూల్ పెట్టింది, చుట్టూ తిరిగే వెళ్ళాలి. చిన్న క్యాంపర్ వ్యాన్లు ఎందుకింత పెరిగాయో అక్కడ బాగా అర్థమైంది.

పార్క్ తర్వాత బీఎల్ఎం (ప్రభుత్వ భూములు చూసే కేంద్ర శాఖ) భూమిలో ఉన్నాం. అక్కడ చాలా చోట్ల డబ్బు కట్టక్కర్లేదు, మామూలుగా 14 రోజుల దాకా ఉండొచ్చు, నీళ్ళు కరెంట్ ఏమీ ఉండవు. ఇదివరకు దీన్ని గట్టివాళ్ళే చేసేవాళ్ళట, ఇప్పుడు సోలార్, లిథియం బ్యాటరీలు వచ్చాక పిల్లలున్న వాళ్ళు కూడా దిగిపోతున్నారు. పాత లెడ్ బ్యాటరీ సగానికి దిగితే ఆపేయాలి, లిథియం దాదాపు మొత్తం వాడుకోవచ్చు, తేడా అంతా అక్కడే. ఏసీ మాత్రం మా బ్యాటరీతో నడిచేది కాదు, దానికి జనరేటర్ వేయాల్సిందే. పక్కనున్నాయన బండి పైన స్టార్‌లింక్ (శాటిలైట్ ఇంటర్నెట్) డిష్ పెట్టుకుని పొద్దున్నంతా ఆఫీస్ మీటింగులు, సాయంత్రం నడక, వీకెండ్ కోసం ఆగే పనే లేదాయనకి.

డంప్ స్టేషన్ (బండిలోని మురుగు ఖాళీ చేసే చోటు) గురించి భయపడేవాళ్ళ కోసం వివరంగా చెప్తా. గ్లవ్స్ వేసుకుని, గొట్టం రెండు చివరలా గట్టిగా బిగించి, ముందు బ్లాక్ ట్యాంక్ (టాయిలెట్ మురుగు) వాల్వ్ తీయాలి. అది పూర్తిగా ఖాళీ అయ్యి గొట్టంలో చప్పుడు ఆగాక మూసేసి, అప్పుడు గ్రే ట్యాంక్ (సింక్, స్నానం నీళ్ళు) తీయాలి, ఆ సబ్బు నీళ్ళే గొట్టాన్ని కడిగేస్తాయి. రోజుల తరబడి నిలవుండేటప్పుడు బ్లాక్ వాల్వ్ ఎప్పుడూ మూసే ఉంచండి, తెరిచి పెడితే నీళ్ళు పోయి గట్టిది అడుగున మిగిలిపోతుంది.

వచ్చేసారి వ్యాన్ తీసుకుందామని మా ఆవిడ అంటోంది, పిల్లలకేమో క్లాస్ సిలో డ్రైవర్ పైనుండే బంక్ కావాలంట. సైట్ ఏది దొరుకుతుందో చూసి అప్పుడు తేల్చుకుంటాం.