నలుగురు వద్దన్నావు, మూడొందల మంది పర్వాలేదా?

“నా బర్త్‌డేకి నలుగురు ఫ్రెండ్స్ వద్దన్నావు కదా. మరి విమానంలో మూడొందల మంది పర్వాలేదా అమ్మా?”

2021 డిసెంబర్ మొదటి వారం. మా అమ్మాయి ఈ మాట అడిగినప్పుడు నేను సూట్‌కేసు తూకం చూస్తున్నాను. తనకి అప్పుడు తొమ్మిదేళ్ళు. కోపంగా కూడా అనలేదు, లెక్క తప్పిందేమో అని అడిగినట్టు అడిగింది. అది వేరు, ఇది వేరు అన్నాను. ఎలా వేరో చెప్పమంది. నాకు చెప్పడం రాలేదు. “అయితే నేను రాను” అని తన గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

సెప్టెంబర్‌లో తన పుట్టినరోజు. కోవిడ్ డెల్టా వేరియంట్ జోరుగా ఉంది, ఆ వయసు పిల్లలకి ఇంకా వ్యాక్సిన్ రాలేదు. పెరట్లోనే, మాస్కులతోనే, నలుగురే, ఒక గంటే అని షరతులన్నీ తనే పెట్టుకుని వచ్చి అడిగింది. నేను ‘చూద్దాం’ అన్నాను. మా ఇంట్లో చూద్దాం అంటే లేదనే అర్థమని పిల్లలిద్దరికీ ఎప్పుడో తెలిసిపోయింది. అయినా పాపం మళ్ళీ వచ్చి అడిగింది. “ఎవరికైనా ఏదైనా అయితే, మన వల్లే అయిందన్న బాధ జీవితాంతం మోయగలవా?” అన్నాను. ఎనిమిది నిండి తొమ్మిదిలో పడుతున్న పిల్లతో అనాల్సిన మాట కాదది. ఆ క్షణంలో నాకు తట్టలేదు, నెగ్గాలన్న తొందరే ఉంది.

తర్వాత మూడు వారాలకి, అక్టోబర్‌లో, అమెరికా నుంచి ఇండియాకి నాలుగు టికెట్లు బుక్ చేశాను. డిసెంబర్ 18న వెళ్ళి జనవరి 8న తిరిగి రావడం. మా ఆయనకి కూడా బుక్ చేశాకే చెప్పాను.

ఎందుకంత తొందరపడ్డానో నాకు తెలుసు. ఆ ఏప్రిల్‌లో, సెకండ్ వేవ్‌లో, మా పెదనాన్న పోయారు. నన్ను ఎత్తుకుని పెంచిన మనిషి. ఆస్పత్రిలో బెడ్డు కోసం, ఆక్సిజన్ కోసం మా అన్నయ్య ఎవరెవరికో ఫోన్లు చేస్తుంటే ఇక్కణ్ణుంచి నేనూ చేశాను, ఎక్కడా దొరకలేదు. చివరికి అంతా ఫోన్లోనే చూశాను, చేతులు వణుకుతున్న ఎవరో పట్టుకున్న ఫోన్లో. వెళ్ళడానికి దారి బొత్తిగా లేకపోలేదు. 2020 మార్చిలో ఆగిపోయిన మామూలు విమానాలు ఇంకా మొదలవలేదు గానీ రెండు దేశాల మధ్య ఒప్పందం మీద కొన్ని నడుస్తున్నాయి. మే 4 నుంచి ఇండియా నుంచి అమెరికా వచ్చేవాళ్ళ మీద ఆంక్షలు పెట్టారు, కానీ గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి అవి వర్తించవు. వీసా మీద ఉండి, తండ్రి చివరి చూపు కోసం వెళ్ళి, తిరిగి రావడానికి పాస్‌పోర్టు మీద వీసా స్టాంపింగ్ దొరక్క నెలల తరబడి భార్యాపిల్లలకి దూరంగా అక్కడే ఉండిపోయినవాళ్ళు మాకు తెలుసు. నాకు ఆ ఇబ్బంది కూడా లేదు. భయపడి వెళ్ళలేదు, అంతే. ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరితోనూ ఇంత సూటిగా చెప్పలేదు.

అప్పట్నుంచీ నాన్నతో మాట్లాడిన ప్రతిసారీ ఆయన గొంతులో ఏదో వెతికేదాన్ని. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి కాస్త దగ్గితే ఆ రాత్రి నాకు నిద్ర ఉండేది కాదు.

అందుకని నవంబర్‌లో 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలకి వ్యాక్సిన్ రాగానే దేవుడు నాకోసమే పంపాడనుకున్నాను. అక్టోబర్ 29న మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి, నవంబర్ 2న ప్రజారోగ్య సంస్థ సీడీసీ సిఫార్సు, 7న మా అమ్మాయికి మొదటి డోసు. 21 రోజులకి, అంటే 28న, రెండోది. ఆ తర్వాత రెండు వారాలు ఆగితే డిసెంబర్ 12. మన ప్రయాణం 18. చూశావా, సరిగ్గా ఆరు రోజుల ముందే అంతా అయిపోతుంది అని క్యాలెండర్ మీద గీతలు గీసి మరీ చూపించాను. చిన్నవాడికి నాలుగేళ్ళే, వాడికి ఏ వ్యాక్సినూ లేదు. ఆ సంగతి మాత్రం క్యాలెండర్ మీద ఎక్కడా రాయలేదు.

రెండో డోసుకి రెండు రోజుల ముందు, నవంబర్ 26న, కొత్త వేరియంట్‌కి డబ్ల్యూహెచ్‌ఓ ఒమిక్రాన్ అని పేరు పెట్టింది. అదే రోజు, డిసెంబర్ 15 నుంచి మామూలు విమానాలు మొదలవుతాయని ఇండియా ప్రకటించింది. వారం తిరక్కుండానే వాయిదా వేసింది. (చివరికి అవి మొదలైంది 2022 మార్చి 27న.) మా టికెట్లు రెండు దేశాల ఒప్పందం మీద నడిచే ఎయిర్ బబుల్ విమానానివే కాబట్టి రద్దు కాలేదు. అదీ ఒక శుభసూచకమే అనుకున్నాను. మనసు ఒకసారి నిర్ణయం తీసేసుకున్నాక, దాన్ని బలపరిచే వార్తలే కంటికి ఆనతాయి.

మా ఆయన విమానం గురించి చదివి ధైర్యం చెప్పారు. క్యాబిన్‌లో గాలి రెండు మూడు నిమిషాలకోసారి మారిపోతుందని, హెపా ఫిల్టర్లు 0.3 మైక్రాన్ల కణాల్లో కూడా 99.97 శాతం ఆపేస్తాయని. నిజమే. ఇదంతా భోజనాల దగ్గర అమ్మాయికి వివరిస్తుంటే, “అందరూ ఒకేసారి మాస్కు తీసి తింటారు కదా, అప్పుడు పక్క సీటు వాళ్ళ గాలి ఫిల్టర్ దాకా వెళ్ళాకే నా దగ్గరికొస్తుందా?” అంది. మా ఇద్దరికీ నోట మాట రాలేదు.

అసలు చిక్కు వెళ్ళడంలో కాదు, తిరిగి రావడంలో ఉందని మాకు ఆలస్యంగా అర్థమైంది. ఇండియా వెళ్ళడానికి 72 గంటల్లోపు ఆర్టీపీసీఆర్ టెస్టు, ఇండియా ప్రభుత్వ వెబ్‌సైట్ ఎయిర్ సువిధలో ఫారం. అది ఇంట్లో కూర్చుని చేసుకునే పని, పాజిటివ్ వస్తే ఇంట్లోనే ఉండిపోతాం. కానీ డిసెంబర్ 6 నుంచి అమెరికా వచ్చే ప్రతివాళ్ళూ, రెండేళ్ళు నిండిన పిల్లలతో సహా, వ్యాక్సిన్ వేసుకున్నా సరే, బయల్దేరడానికి ఒక్క రోజు ముందు చేయించిన టెస్టు చూపించాలన్నారు. అంతకుముందు వ్యాక్సిన్ వేసుకున్నవాళ్ళకి మూడు రోజుల గడువుండేది. అంటే సామాను సర్దేసుకుని, అందరికీ వెళ్ళొస్తామని చెప్పేసిన రోజున నలుగురిలో ఎవరో ఒకరికి పాజిటివ్ రావచ్చు. చిన్నవాడికి వస్తే ఎవరు ఆగాలి? నాకే వస్తే, నన్ను వదిలి ఒక్క రాత్రి పడుకోని పిల్లాడు వాళ్ళ నాన్నతో ఇరవై గంటల ప్రయాణం చేస్తాడా? అన్నిటికన్నా ముందు, ఆ పాజిటివ్ వచ్చిన మనిషి అంతకుముందు రోజు వరకూ ఎవరి పక్కన కూర్చుని ఉంటాడు? మా నాన్న పక్కనే కదా.

మళ్ళీ ఎప్పుడైనా ఇలాంటి రోజులొస్తే, ఆ రోజులు రాకూడదు, కానీ వస్తే, టికెట్టు కొనేముందు తిరుగు ప్రయాణం నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. ఎవరు ఆగిపోతారో, ఎన్నాళ్ళు ఆగగలరో, ఉద్యోగంలో సెలవుందో లేదో, మందులు అదనంగా ఉన్నాయో లేదో ముందే అనుకోండి. పిల్లలతో కూడా చెప్పండి. ఇది మంచి సలహానే. కానీ నేను ఇదంతా లెక్కేసి కూడా వెళ్దామనే అన్నాను. లెక్కలు ఎవరినీ ఆపవేమో. నన్ను మాత్రం ఆపలేదు.

మా అమ్మాయికీ నాకూ మధ్య తేడా రిస్కు గురించి కాదని ఆ వారంలో నెమ్మదిగా తెలిసింది. నాకది విహారయాత్ర కాదు, ఇంటికి వెళ్ళడం. ఇంటికి వెళ్ళడానికి ఎవరైనా అనుమతి అడుగుతారా? తనకి ఇల్లు ఇదే. అది సెలవులకి వెళ్ళే చోటు, ఇష్టమైన చోటే, కానీ సెలవులకే. నా కోరికకి ‘కుటుంబం’ అని పేరు పెట్టి దాన్ని లెక్కలోంచి తీసేశాను. తన కోరికకి ‘పార్టీ’ అని పేరుంది కాబట్టి దాన్ని తక్కెట్లో వేశాను. తొమ్మిదేళ్ళ పిల్లకి ఆ ఒక్క గంట స్నేహం ఎంత అవసరమో నేను తూచి చూడనే లేదు. స్కూల్లో తనకి నేర్పింది ఒకటే, రూలు అందరికీ ఒకటే అని. నేనూ ఇంట్లో అదే నేర్పాను. నిజంగా నేర్చుకుని నా ముందుకొచ్చేసరికి మొండిపిల్ల అన్నాను. ఇక్కడ పుట్టిన పిల్లలింతే, వాళ్ళకి మన బంధాలు అర్థం కావు అని కూడా అనేశాను. తలుపు అవతలే ఉందని తెలిసి అన్నాను.

అది తప్పని ఆ ఆదివారమే తేలింది. వీడియో కాల్‌లో నాన్న ఉత్సాహంగా ఎయిర్‌పోర్టుకి తానే వస్తానంటున్నారు. ఫోన్ అమ్మాయి చేతిలో ఉంది. ఉన్నట్టుండి అడిగేసింది.

“తాతయ్యా, నా వల్ల నీకు కోవిడ్ వస్తే?”

నాన్న నవ్వారు. “వస్తే వచ్చిందిలే తల్లీ. నిన్ను చూసి పోయినా నాకు చాలు.”

నా కళ్ళు చెమర్చాయి. ఇంతకన్నా ప్రేమగా ఎవరంటారు, ఇప్పటికైనా దీనికి అర్థమవుతుంది అనుకుంటూ పక్కకి చూశాను. పిల్ల ముఖం తెల్లబడిపోయింది. ఫోన్ నా ఒళ్ళో పెట్టేసి లేచి వెళ్ళిపోయింది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చింది. “తాతయ్య చచ్చిపోయినా పర్వాలేదన్నాడు. నా కోసం అన్నాడు. నేను వెళ్తే, ఏదైనా అయితే, నేనేగా? నువ్వే చెప్పావుగా, జీవితాంతం మోయాలని” అంది.

ఒకే మాట. నాకు తెలుగులో ముద్దులా వినపడింది. తనకి కూడా తెలుగులోనే, ఒక్క పదం తప్పిపోకుండా వినపడింది. ఆయన ఏమన్నారో అది వింది. ఏ అర్థంలో అన్నారో తెలియడానికి ఆ ఊళ్ళో, ఆ పెద్దల మధ్య, అలాంటి మాటలు వెయ్యి విని పెరగాలి. అలా పెంచనిది నేను. బంధాలు అర్థం కావని ఎవర్నైతే అన్నానో ఆ పిల్ల వాళ్ళ తాతయ్య ప్రాణం గురించి నాకన్నా ఎక్కువ ఆలోచించింది. పుట్టినరోజు వద్దనడానికి నేను వాడిపడేసిన మాటని మూడు నెలలు లోపల దాచుకుంది.

మర్నాడు టికెట్లు క్యాన్సిల్ చేశాం. నాన్నకి ఫోన్ చేసి ఆఫీసులో సెలవు దొరకలేదని చెప్పాను. పిల్ల మీదకి రాకూడదని అలా అన్నాననుకున్నాను. అసలు కారణం, ఆయన్ని చూడటానికి రానిది భయం వల్లేనని రెండోసారి ఒప్పుకోలేకపోవడం. ఆయన, “సర్లేమ్మా, ఎండాకాలం వద్దువులే” అని పెట్టేశారు.

మంచి పని చేశామా? జనవరిలో అక్కడా ఇక్కడా ఒమిక్రాన్ విరుచుకుపడింది. 11వ తేదీ నుంచి ఇండియాలో, విదేశాల నుంచి వచ్చేవాళ్ళందరికీ ఏడు రోజుల హోం క్వారంటైన్ పెట్టారు. అది చూసి బతికిపోయాం అనుకున్నాను. కానీ మాతోపాటు టికెట్లు కొన్న మరో కుటుంబం వెళ్ళింది, మూడు వారాలు ఉంది, నలుగురికీ నెగటివ్ వచ్చి హాయిగా తిరిగొచ్చింది. మేం ఇల్లు కదలకుండానే చిన్నవాడి డేకేర్ నుంచి జనవరి మూడో వారంలో అందరం తెచ్చుకున్నాం. ఇందులో ఎవరి జాగ్రత్త గెలిచినట్టు?

2022 జూన్ 12న అమెరికా ఆ టెస్టు నిబంధన ఎత్తేసింది. ఆ వారాంతానికే అయిదేళ్ళలోపు పిల్లలకి వ్యాక్సిన్‌కి అనుమతి వచ్చింది. చిన్నవాడికి మొదటి డోసు వేయించి జూన్ నెలాఖరుకి వెళ్ళాం. డిసెంబర్‌లో ఎయిర్‌పోర్టుకి వస్తానన్న మనిషి, జూన్‌లో కుర్చీలోంచి లేవడానికి చెయ్యి అందించమన్నారు. కోవిడ్ కాదు. మార్చిలో ఒకసారి బాత్రూంలో పడ్డారట, నాకు చెప్పొద్దన్నారట. ఆ ఆరు నెలలు ఎవరూ తిరిగివ్వరు.

అమ్మాయి మొదటి అయిదు రోజులు ఇంట్లో కూడా మాస్కుతోనే ఉంది. నేను చెప్పలేదు. వచ్చినవాళ్ళందరూ “తాతయ్య దగ్గర కూడా ఏంటమ్మా అది” అంటుంటే నాకు తల కొట్టేసినట్టయింది. తీసెయ్ అని చెవిలో చెప్పబోయి ఆగాను, ఆగినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. నాన్న మాత్రం రెండో రోజు ఎక్కణ్ణుంచో పాత మాస్కు ఒకటి వెతికి తీసి తానూ పెట్టుకుని దాని పక్కన కూర్చున్నారు. ఆరో రోజు పొద్దున్న సూట్‌కేసులోంచి టెస్టు కిట్టు తీసుకుని తనే చేసుకుని, ఒక్క గీతే వచ్చిందని ఆయనకి చూపించి, మాస్కు తీసి ఆయన భుజం మీద తల పెట్టుకుంది.

బయల్దేరే రోజు నాన్న గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. “మళ్ళీ ఎప్పుడమ్మా?” అన్నారు.

నేను సామాను వైపు చూస్తూ “చూద్దాం నాన్నా” అన్నాను.

“చూద్దాం అనకు” అంది మా అమ్మాయి. “తాతయ్యకి డేట్ చెప్పు.”