సింథటిక్ డ్రెడ్స్ ఊడిపోకుండా ఉండాలంటే

సింథటిక్ డ్రెడ్స్ అంటే ఫైబర్‌తో చేసిన తాళ్ళలాంటి సవరాలు, సొంత జుట్టుతో కలిపి అల్లుకుంటాం. మొదటిసారి అవి పెట్టుకున్న నాలుగో రోజు మెట్లు దిగుతుంటే వెనకాల మెత్తగా ఏదో పడిన చప్పుడైంది. తిరిగి చూస్తే మెట్టు మీద పాములా నా డ్రెడ్! చేతిలోకి తీసుకుని చూశాను కదా, రబ్బరు బ్యాండ్ వేసింది వేసినట్టే ఉంది, అల్లిక కూడా సగం అలాగే ఉంది, లోపల ఉండాల్సిన నా జుట్టు మాత్రం లేదు. కుదుళ్ళ దగ్గర ఎంత గట్టిగా లాగి అల్లితే అంత బాగా నిలుస్తాయని అప్పటిదాకా నా నమ్మకం. ఆ బిగువుకి రెండు రాత్రులు తలనొప్పితో నిద్ర లేదు, పోనీ ఆగాయా అంటే అదీ లేదు.

తర్వాత తీరిగ్గా కూర్చుని చూస్తే తప్పులు రెండు కనిపించాయి. ఒకటి, అల్లడం తేలికవుతుందని ముందు రోజు తలస్నానం చేసి కండిషనర్ దట్టంగా పట్టించడం. జారుడు జుట్టు మీద ఏ జడ మాత్రం నిలుస్తుంది? ఇప్పుడైతే షాంపూ ఒక్కటే, నూనె, సీరం ఏవీ లేవు, తల పూర్తిగా ఆరాకే మొదలుపెడతాను. రెండోది అసలు సంగతి. నా వెంట్రుకల కొసలు అయిపోయాక కూడా అందం కోసం ఇంకో రెండు మెలికలు అల్లి అక్కడ బ్యాండ్ వేశాను. అంటే ఆ బ్యాండ్ పట్టుకున్నది ఉత్త ఫైబర్‌నే!

నావి డబుల్ ఎండెడ్, అంటే మధ్యకి మడిచి పెట్టుకునేవి. పాయను రెండుగా చీల్చి, డ్రెడ్ మడతను ఆ రెంటి మధ్య కుదురుకి దగ్గరగా ఉంచి, జుట్టు సగాల్ని ఒకసారి ఇటుది అటు, అటుది ఇటు మార్చి కలిపేస్తే అదొక పాయ, డ్రెడ్ కొసలు మిగతా రెండు పాయలు. ఇక మామూలు మూడు పాయల జడే. జుట్టు రెండు మూడు సెంటీమీటర్లు మిగిలి ఉండగానే అల్లడం ఆపి, ఆ మిగిలినదాన్ని జడ చుట్టూ చుట్టి, సరిగ్గా ఆ చుట్టు మీదే చిన్న బ్యాండ్ వేయాలి. వేలితో తడిమితే బ్యాండ్ కింద వెంట్రుకలు తగలాలి. తగల్లేదంటే విప్పి మళ్ళీ అల్లడమే, బద్ధకించొద్దు. ఇదంతా చేయడానికి జుట్టు కనీసం 10 సెంటీమీటర్లయినా ఉండాలి.

పాయలు సుమారు 2.5 సెంటీమీటర్ల చదరాలుగా, గోడలో ఇటుకల్లా ఒక వరస గీతలు పై వరసతో కలవకుండా తీస్తే పాపిట్లు కనపడవు. సన్నటి పాయకు లావు డ్రెడ్ వేలాడదీస్తే బరువంతా నాలుగు వెంట్రుకల మీద పడుతుంది, కొన్నాళ్ళకి అక్కడ జుట్టే పలచబడుతుంది. నుదుటి అంచునా చెవుల పక్కనా అందుకే నేను సన్నవే పెడతాను. కుదుళ్ళ దగ్గర మొటిమల్లాంటి పొక్కులొచ్చినా, నొప్పి రెండో రోజుకీ తగ్గకపోయినా అవే సర్దుకుంటాయని కూర్చోకుండా ఆ జడలు విప్పేయండి.

కొత్త ఫైబర్ మీది పూతకి కొందరికి దురద పుడుతుంది. వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, కడిగి, ఆరబెట్టి పెట్టుకుంటే నయం.

తల కడిగేటప్పుడు షాంపూని నీళ్ళలో పలచగా కలిపి మాడుకి మాత్రమే. డ్రెడ్స్ మధ్య నీళ్ళు చాలాసేపు నిలుస్తాయి, ఆ బరువుకే జడలు వదులవుతాయి, సరిగ్గా ఆరకపోతే వాసన కూడా. టవల్‌తో పిండి డ్రయర్ చల్లగాలి మీద ఆరబెట్టాలి, వేడి గాలి పెడితే ఫైబర్ పాడవుతుంది. రాత్రి శాటిన్ టోపీ. మొదటి వారం నడినెత్తిన కొప్పు వద్దే వద్దు, ఎంత ముద్దుగా ఉన్నా సరే.

జుట్టు నెలకి ఒక సెంటీమీటర్ పైనే పెరుగుతుంది కాబట్టి నెల తిరిగేసరికి కుదుళ్ళ దగ్గర ఖాళీ వస్తుంది. ముందు వరస మాత్రం విప్పి మళ్ళీ అల్లుకుంటాను, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో మొత్తం తీసేస్తాను. తీసేటప్పుడు కత్తెర బ్యాండ్‌కి తగలాలి, జుట్టుకి కాదు. చేతికి గుప్పెడు వెంట్రుకలొస్తాయి, చూసి గుండె జారుతుంది, కానీ మామూలుగానే రోజుకి 50 నుంచి 100 దాకా రాలతాయి కదా, ఆరు వారాలవి జడల్లో చిక్కుకుని ఒకేసారి బయటికొస్తాయి అంతే. ఆ రోజు మాత్రం కండిషనర్ సీసా సగం ఖాళీ చేసేస్తాను.