మా బీ ష్రింప్ ట్యాంకు నీళ్ల లెక్క

మా నిజాంపేట అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్ల టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన ఉప్పుల లెక్క, ఎనిమిది వందలకి తగ్గదు. ఎండాకాలం ట్యాంకర్ వచ్చిందంటే ఆ పూట ఎంతుంటుందో తెచ్చినవాడికీ తెలీదు. బకెట్ అడుగున తెల్లపొర, గీజర్ నిండా గార. ఈ నీళ్లలో గప్పీ చేపలు హాయిగా పిల్లల్ని పెడతాయి. నేను ట్యాంకులో పెంచే క్రిస్టల్ రెడ్ అనే చిన్న రొయ్యలకి మాత్రం ఇవి పనికిరావు. వీటి మూలం దక్షిణ చైనా, హాంకాంగ్ వైపు వాగుల్లో తిరిగే బీ ష్రింప్. వాటిలో ఎర్రగా పుట్టినవాటిని ఏరి, తరాల తరబడి పెంచి ఈ రకాన్ని నిలబెట్టింది జపాన్‌లో హిసయాసు సుజుకీ అనే పెంపకందారు. ఈ రొయ్య ఎంత పెద్దదైనా అంగుళం దాటదు. దానికి కావాల్సింది 4 నుంచి 6 జీహెచ్, సున్నాకి దగ్గరగా కేహెచ్, ఆరు, ఆరున్నర మధ్య పీహెచ్.

జీహెచ్ అంటే నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం. కేహెచ్ అంటే కార్బొనేట్లు. బోరు నీళ్లలో రెండూ దండిగా ఉంటాయి. మనకి మొదటిది కొంచెం కావాలి, రెండోది అసలొద్దు. బోరు నీళ్లలోంచి ఒకటి తీసి ఒకటి ఉంచడం ఇంట్లో అయ్యే పని కాదు. అందుకే ముందు ఆర్వోతో అన్నీ తీసేసి, తర్వాత కావాల్సినవి మాత్రమే కలుపుతాం. కేహెచ్ ఎందుకొద్దంటే, ట్యాంకు అడుగున పరిచే యాక్టివ్ సాయిల్ పీహెచ్‌ని కిందికి లాగి పట్టుకుంటుంది. మనం పోసే ప్రతి బకెట్‌లోనూ కార్బొనేట్లు ఉంటే వాటిని తినేస్తూ అది తొందరగా చచ్చుబడిపోతుంది. ఆ సాయిల్ ఖరీదు తెలిసినవాళ్లెవరూ అలా పొయ్యరు.

ఇక వంటింటి ఆర్వో మిషన్ సంగతి. చాలామంది దాని కుళాయి నీళ్లనే నేరుగా ట్యాంకులో పోస్తారు. ఆ నీళ్ల టీడీఎస్ 90 చూపిస్తుంది, సరిపోయిందిగా అనుకుంటారు. ఆ తొంభైలో ఉన్నదేమిటి? మిషన్ లోపల టీడీఎస్ కంట్రోలర్ అని చిన్న స్క్రూ ఉంటుంది. రుచి కోసం కొంచెం వడకట్టని నీళ్లని మళ్లీ కలిపేది అదే. అంటే మనం వదిలించుకోవాలనుకున్న బోరే వెనక గుమ్మంలోంచి వచ్చేసింది. మీటరు కొలిచేది కరెంటుని నీళ్లు ఎంత బాగా పోనిస్తున్నాయన్నదే. కూరలో వేసే ఉప్పు కలిపినా అది 90 చూపిస్తుంది.

అందుకే మెంబ్రేన్ నుంచి బయటికొచ్చే పైపుకే, కంట్రోలర్‌కీ మినరల్ కాట్రిడ్జ్‌కీ ముందే, ఒక టీ జాయింటు పెట్టించి విడిగా కుళాయి తీయించాను. బిగించడానికొచ్చిన కుర్రాడు గుండెలు బాదుకున్నాడు. "మేడమ్, మినరల్స్ ఉండవు, ఆ నీళ్లు తాగకూడదు." తాగేది నేను కాదు, రొయ్యలని చెప్పాను. అయినా వెళ్తూ వెళ్తూ కాపర్ కాట్రిడ్జ్ వేయించుకోమని బేరం పెట్టాడు. రాగి రొయ్యలకి విషం. మీ మిషన్‌కి కాపర్ తగిలించి ఉంటే దాని తర్వాతి నీళ్లు ట్యాంకు దరిదాపులకి రానివ్వకండి.

మా కుళాయి నీళ్ల టీడీఎస్ 40 లోపే ఉంటుంది. అక్కడి నుంచి సాల్టీ ష్రింప్ వాళ్ల బీ ష్రింప్ మినరల్ జీహెచ్ ప్లస్ లాంటి రెడీమేడ్ పొడి కలుపుకోవచ్చు. కొనేటప్పుడు డబ్బా మీద జీహెచ్/కేహెచ్ ప్లస్ అని ఉందేమో చూసుకోండి. అది కేహెచ్ కూడా పెంచుతుంది, చెర్రీ అనే వేరే రకం రొయ్యలకి. నేను మాత్రం ఇరవై లీటర్ల క్యాన్‌కి కాల్షియం కోసం 1.84 గ్రాముల జిప్సం, మెగ్నీషియం కోసం 1.76 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ వేస్తాను. లెక్క తేలికే. లీటరుకి ఒక డిగ్రీ జీహెచ్ పెరగాలంటే జిప్సం సుమారు 31 మిల్లీగ్రాములు, ఎప్సమ్ 44 పడతాయి. కాల్షియం నుంచి మూడు డిగ్రీలు, మెగ్నీషియం నుంచి రెండు, మొత్తం ఐదు. రెడీమేడ్ పొడిలో ఉండే పొటాషియం, చిల్లర మూలకాలు ఇందులో ఉండవు. వాటిని ట్యాంకులో వేసే ఆకులూ మేతా చూసుకుంటాయని నా నమ్మకం.

ఎప్సమ్ ఇట్టే కరుగుతుంది. జిప్సం మొండిది, పాలపొడిలా తేలి, మళ్లీ అడుగుకి దిగి కూర్చుంటుంది. రాత్రి గాలి బుడగలొదిలే ఎయిర్ స్టోన్ వేసి వదిలేస్తే పొద్దున్నకి నీళ్లు తేటపడతాయి. తర్వాత చూడాల్సింది మీటరు కాదు, జీహెచ్ కొలిచే చుక్కల టెస్టు. ఐదు మిల్లీలీటర్ల నీళ్ల బదులు పది తీసుకుంటే ఒక్కో చుక్కా అర డిగ్రీ. తొమ్మిదో చుక్క దాకా నారింజ రంగే. పదో చుక్కకి కాస్త తిప్పితే ఆకుపచ్చగా మారుతుంది.

ఎప్సమ్ సాల్ట్ మెడికల్ షాపులో కొంటాను. ఎరువుల కొట్టులో చవగ్గా దొరుకుతుంది కానీ, అక్కడ మైలుతుత్తం తీసిన చేత్తోనే ఇదీ తూస్తారు. మైలుతుత్తమంటే రాగే కదా.

మాది భీమవరం దగ్గర. బాబాయికి వనామీ రొయ్యల చెరువులున్నాయి. మొన్న ఇంటికొచ్చి ట్యాంకు ముందు వంగి చూసి అడిగిన మొదటి మాట, "ఇవి ఏం కౌంటమ్మా?" కిలోకి ఎన్ని తూగుతాయో లెక్కగట్టడం మొదలెడితే ఆయనకే నవ్వొచ్చింది. అయితే నేను కాటా మీద పొడి తూస్తుంటే మాత్రం నవ్వలేదు. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్య గుల్ల వదులుతుందని ఆయన బస్తాలకి బస్తాలు మినరల్స్ చల్లిస్తాడు, లేకపోతే లూజ్ షెల్, అంటే గుల్ల గట్టిపడకుండా వదులుగా ఉండిపోతుందని భయం. ఇక్కడా అదే కథ. గుల్ల వదిలిన రొయ్య కొత్త గుల్ల గట్టిపడటానికి కావాల్సిన కాల్షియంలో ఎక్కువ భాగం నీళ్లలోంచే లాక్కుంటుంది. నీళ్లలో లేకపోయినా, ఒకేసారి సగం నీళ్లు మార్చి లెక్క తలకిందులు చేసినా, తలకీ ఒంటికీ మధ్య గుల్ల తెల్లటి ఉంగరంలా పగిలి అక్కడే ఇరుక్కుపోతుంది. అలాంటిది బయటపడటం అరుదు. అందుకే వారానికి పదో వంతు నీళ్లే మారుస్తాను, అవి కూడా ఎయిర్ పైపుకి ముడివేసి చుక్కచుక్కగా.

ఎండాకాలంలో ఇంకో లెక్క మొదలవుతుంది. ట్యాంకు మీద ఫ్యాన్ పెడితే నీళ్లు చల్లబడతాయి, కానీ రోజూ ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీరే, ఉప్పులు అక్కడే మిగులుతాయి. తగ్గినంతా మళ్లీ ఉప్పులు కలిపిన నీళ్లతోనే నింపుతూ పోతే నెల తిరిగేసరికి జీహెచ్ ఎక్కడికో వెళ్తుంది. తగ్గినదానికి ఏమీ కలపని ఆర్వో నీళ్లు, తోడి మార్చినదానికి కలిపిన నీళ్లు. అద్దం మీద మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాను. ఊరెళ్లేటప్పుడు పక్కింటి ఆంటీకి ఆ గీతా, ఏమీ కలపని నీళ్లున్న నీలం మూత క్యానూ చూపించి వెళ్తాను. కలిపిన క్యాన్ మంచం కిందికి తోసేస్తాను, ఎందుకైనా మంచిది.