మా నాన్న గోడకి వచ్చిన నోటీసు

నిన్న సాయంత్రం పోస్టు డబ్బాలో ఆఖరి ఉత్తరం దొరికింది. పైన మా హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళవాళ్ళ సంఘం, ముద్ర, కింద "అప్రూవ్డ్" అని ఒక్క ముక్క. ఆ ముక్కకి ఏడు నెలలు పట్టింది. కోపం చల్లారకముందే ఇది రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదస్తుడిలా రాస్తానేమోనని భయం.

సంగతి చిన్నదే. మేం ఉండేది అరిజోనాలో, చాండ్లర్‌లో. నాది ఇంట్లోంచి చేసే ఉద్యోగం. ఇద్దరు పిల్లలు, మిక్సీ, టీవీ మధ్య మీటింగులు సాగక పెరట్లో పన్నెండుకి పద్నాలుగు అడుగుల గది ఒకటి కట్టుకుందామనుకున్నాను. స్కాట్స్‌డేల్‌లో టాలియెసిన్ వెస్ట్ అనే ఇల్లు చూడకపోయి ఉంటే అందరిలాగే రెడీమేడ్ షెడ్డు ఒకటి కొని పడేసేవాణ్ణి.

అక్టోబరులో నాన్న వచ్చాడు. మాది రెంటచింతల దగ్గర పల్లె. నాన్న నలభై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి, అందులోనూ రాతి కట్టుబడి. గ్రాండ్ కాన్యన్ చూపిస్తే "బాగుంది" అని ఊరుకున్నాడు. ఈ టాలియెసిన్ వెస్ట్ చూపిస్తే మాత్రం కదల్లేదు.

పేరున్న అమెరికన్ ఆర్కిటెక్ట్ ఫ్రాంక్ లాయిడ్ రైట్ 1937లో, డెబ్భయ్యేళ్ళ వయసులో, మెక్‌డొవెల్ కొండల దిగువన నేల కొని శిష్యుల చేత కట్టించుకున్న చోటు అది. ఇల్లు, ఆఫీసు, బడి మూడూ అదే. ఎండాకాలం విస్కాన్సిన్, చలికాలం ఇక్కడ. 2019లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన ఆయన ఎనిమిది కట్టడాల్లో ఇదొకటి. గోడలు ఎలా కట్టారో గైడ్ చెప్పడం మొదలుపెట్టింది. నేను తెలుగులో చెప్పబోయేలోగా నాన్నే నాకు చెప్పేశాడు. "సెంట్రింగు పెట్టి, రాయి చదునైన మొహం చెక్కకి ఆనించి, వెనకమాల మాలు పోశార్రా. చెక్క ఊడదీస్తే రాయి బయటికి చూస్తది. అంతేగా?" అంతే. రాళ్ళు అక్కడివే, ఇసుకా అక్కడిదే. సిమెంటు మాత్రమే బయటిది. "ఒక్క రాయినీ ఉలితో చెక్కలా ఈయన. ఏ రాయికి ఏ మొహం ఉంటే అదే పెట్టాడు" అని రెండు మూడు సార్లు అన్నాడు. మా తాత ఇంటి గోడ గుర్తొచ్చిందట. అది మట్టితో పేర్చిన మాచర్ల రాయి. మే నెలలో కూడా వీపు ఆనిస్తే చల్లగా ఉండేది.

శిష్యులు బొమ్మలు గీసిన స్టూడియో తొంభై ఆరు అడుగుల పొడవు. ఇప్పుడు పైకప్పు వేరేది గానీ మొదట్లో అడ్డంగా పెద్ద పెద్ద రెడ్‌వుడ్ దూలాలు, వాటి మధ్య గుడారం బట్ట ఉండేవట. ఎండ ఆ బట్టలోంచి వడకట్టుకుని కాగితాల మీద పడేది. పగలు దీపంతో పనేముంది? అక్కడ నిలబడ్డప్పుడే నా గది నాకు కనిపించింది.

అసలు ఈ బట్ట పైకప్పు ఆలోచన పుట్టింది మా వైపే. 1929లో రైట్ చాండ్లర్ పక్కనే, సౌత్ మౌంటెన్ దగ్గర, చెక్కా గుడారం బట్టా పెట్టి ఒకోటియో అనే క్యాంపు వేసుకున్నాడు. ఈ ఊరికి పేరిచ్చిన అలెగ్జాండర్ చాండ్లర్ ఎడారిలో పెద్ద హోటల్ కట్టమంటే దాని బొమ్మలు గీయడానికి వచ్చాడు. ఆ ఏడాదే స్టాక్ మార్కెట్ కూలి హోటల్ కాగితం మీదే ఉండిపోయింది. ఇంటెల్ ఒకోటియో క్యాంపస్‌కి రోజూ పోయివచ్చే మన తెలుగువాళ్ళలో ఈ ముక్క తెలిసినవాడు నాకింతవరకూ తగల్లేదు. తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే అని కొంచెం గర్వంగానే చెప్పుకుంటున్నాను.

ఇక పని. ప్లాను నేనే గీశాను. సిటీ పర్మిట్ గొడవ లేకుండా వచ్చింది. తవ్వేముందు ఫోన్ చేసే నంబరు 811కి చెబితే మనిషి వచ్చి భూమిలో ఏ గొట్టం ఎక్కడుందో రంగు గీతలు పెట్టి పోయాడు, పైసా తీసుకోలేదు. రాళ్ళు యార్డులో కొన్నాం. ఎడారిలో కనపడ్డవి డిక్కీలో వేసుకురాకండి, కేసవ్వొచ్చు. పునాది తవ్వుతుంటే అడుగున్నర కింద కలీచీ తగిలింది. మట్టిలో సున్నం గట్టిపడి సిమెంటులా మారిన పొర అది. దాని మీద గునపం వేస్తే గునపమే వంగింది. ఇవన్నీ కష్టాలే గానీ అవమానాలు కావు.

అవమానం హెచ్‌ఓఏది. సిటీ కాగితం చేతిలో ఉన్నా కాలనీ ఆర్కిటెక్చరల్ కమిటీ ఒప్పుకోందే బయట ఇటుక కదపకూడదు. పద్నాలుగు పేజీల ఫారం. పైన లోగోలో అందమైన సగువారో కాక్టస్ బొమ్మ. లోపల తొమ్మిదో పేజీలో, వాడబోయే మెటీరియల్ శాంపిల్ ఇంటి దగ్గర తనిఖీకి అందుబాటులో ఉంచాలని ఉంది. ఈ లైను గుర్తుపెట్టుకోండి.

శాంపిలేగా, రెండు రాళ్ళు పెట్టి ఊరుకుందామన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "చూడ్డానికి వచ్చేవాళ్ళకి గోడ చూపించాల గానీ రాళ్ళు చూపిస్తారంట్రా?" రెండు రోజులు కూర్చుని మూడడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు గోడ కట్టాడు. పలకల పెట్టె చేసి, రాయికీ చెక్కకీ మధ్య సందుల్లో మాలు రాకుండా తడి ఇసుక కూరి, వెనక మాలు పోశాడు. మూడో రోజు చెక్కలు ఊడదీశాడు. ఎర్ర రాయి, బూడిద రంగు రాయి, మధ్యలో ఊదారంగుది ఒకటి. నాన్న బ్రష్షుతో ఒక్కో రాయి మొహం కడిగాడు. మా ఆవిడ ఫోటోలు తీసి వాళ్ళ అక్కకి కూడా పంపింది. కమిటీ వాళ్ళకి తేలిగ్గా కనబడుతుందని పక్క గేటు దగ్గర కట్టించాను. అదే నేను చేసిన తప్పు.

తొమ్మిదో రోజు ఉత్తరం వచ్చింది. లోపల మా నాన్న గోడ ఫోటో. చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా. కింద, నిర్మాణ వ్యర్థాలు అనుమతి లేకుండా నిల్వ చేసినందుకు నోటీసు, పద్నాలుగు రోజుల్లో తీసేయకపోతే యాభై డాలర్ల జరిమానా.

వ్యర్థాలు.

నాన్న వరండాలో కాఫీ తాగుతున్నాడు. "ఏం వచ్చిందిరా?" అన్నాడు. "అందింది అని రాశారు నాన్నా" అన్నాను.

ఫోన్ చేస్తే మేనేజ్‌మెంట్ కంపెనీ అమ్మాయి, శాంపిల్ చూసే కమిటీ వేరు, నోటీసులిచ్చే వాళ్ళు వేరు, హియరింగ్‌కి వచ్చి చెప్పుకోండి అంది. అందుకే చెబుతున్నాను, ఫోన్లు చేయకండి. ఏదైనా మెయిల్లో రాయండి, జవాబు మెయిల్లో తీసుకోండి. ఫోన్లో "నో ప్రాబ్లం సర్" అన్నవాళ్ళు మీటింగులో మనల్ని గుర్తుపట్టరు.

హియరింగ్ డిసెంబరులో, క్లబ్‌హౌస్‌లో. నాన్న తానూ వస్తానన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని, ఏసీ చలికి నా జాకెట్ కప్పుకుని వెనక వరసలో కూర్చున్నాడు. కమిటీలో ఐదుగురు. ఒక్కో ఇంటికి మూడు నిమిషాలు. నేను పదిహేను స్లైడ్లు పట్టుకెళ్ళాను, తెలివి చూడండి. రైట్ పేరు ఎత్తగానే చైర్మన్ అడ్డం వచ్చి, "ఇది స్కాట్స్‌డేల్ కాదు సర్" అన్నాడు. ఎవరో కిసుక్కుమన్నారు. గోడ ఫోటో తెర మీదకొచ్చింది. ఒకావిడ కళ్ళద్దాలు సర్దుకుని, "ఇది పూర్తయిన వైపేనా, వెనక వైపా?" అంది. ఈసారి హాలంతా నవ్వింది. ఇంకొకాయన చాలా మర్యాదగా, ఇదేమన్నా మతానికి సంబంధించిన కట్టడమా అని అడిగాడు. పదహారేళ్ళుగా ఈ దేశంలో ఇంగ్లీషులోనే బతుకుతున్నవాణ్ణి, ఆ నిమిషంలో నాకు ఒక్క వాక్యం కుదరలేదు. "నో, ఇట్స్ స్టోన్" అన్నాను. రాయి అని. అంతే అన్నాను.

వెనక్కి వచ్చి కూర్చుంటే నాన్న చెవిలో అడిగాడు. "ఏమందిరా ఆమె?"

"గోడ బాగుందంటోంది నాన్నా."

"మరి నవ్వుతారేంది?"

"ఇక్కడ అంతే. సంతోషం వేస్తే నవ్వుతారు."

కారులో ఇంటికొచ్చేదాకా మాట్లాడలేదు. గరాజ్‌లో దిగుతూ అన్నాడు, "ఆ కాగితం నేను చూశాన్రా. ఎర్ర సున్నా పెట్టారంటే తప్పని తెలీనంత మొద్దునా? బళ్ళో నాకూ పెట్టారు."

వారానికి తిరస్కరణ వచ్చింది. కారణం: ప్రతిపాదించిన గోడ "కమ్యూనిటీ హార్మొనీ"కి సరిపోదట. ఈ హార్మొనీ ఎవరితో? 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 110 డిగ్రీల ఫారన్‌హీట్ గానీ అంతకు మించి గానీ ఎండ కాసింది. అలాంటి నేలలో చలికాలం కూడా పచ్చగా కనబడాలని రై గడ్డి విత్తనాలు చల్లి నీళ్ళు పోసే కాలనీ మాది. పక్కింటి గోడ రంగుతో కలిస్తే హార్మొనీ, కాళ్ళ కింద ఉన్న రాయితో కలిస్తే వ్యర్థం. ఎడారిలో గట్టి గీత కాదు, చుక్కల గీత ఉండాలని రైట్ అనేవాడు. కాక్టస్ ఒంటిని చూస్తే తెలుస్తుంది ఆ మాట. మా కమిటీకి కాక్టస్ లోగోలో ఉంటే చాలు.

మనసు ఊరుకోక అప్పీలుకి సిద్ధమయ్యాను. అప్పుడే రైట్ కథ ఇంకోటి చదివాను. 1940ల చివర్లో లోయలో కరెంటు తీగలు వేసి ఆయన చూపుకి అడ్డం పెడితే, భూమిలో పాతిపెట్టండని ప్రెసిడెంట్ ట్రూమన్‌కే రాశాడట. ఓడిపోయాడు. ఇల్లు కట్టుకున్న చూపునే వదులుకుని, లోయకి వీపు చూపేట్టు గుమ్మం వెనక వైపుకి మార్చుకున్నాడు. అంతటివాడే గుమ్మం తిప్పుకున్నాడు, నాకెందుకు పౌరుషం అనిపించింది.

నేనూ గోడ తిప్పేశాను. కొత్త దరఖాస్తులో గదికి బయట మూడు వైపులా కాలనీ పేలెట్‌లోని లేత గోధుమరంగు స్టకో, అంటే సిమెంటు పూత, అని రాశాను. రాతి గోడ ఉత్తరం వైపు, ఆరడుగుల ప్రహరీ లోపలికి, వీధిలోంచి ఎవరికీ కనబడకుండా. బట్ట పైకప్పు మాట ఎత్తలేదు, స్కైలైట్ అని పెట్టి కింద తెల్లబట్ట లోపలి నుంచి కట్టుకున్నాను. లోపలి సంగతి వాళ్ళకెందుకు? ఇంకో ముక్క, "స్టోన్" అనే మాట వాడలేదు, "టెక్స్‌చర్డ్ ఫినిష్" అన్నాను. ఫిబ్రవరిలో ఒప్పుకున్నారు.

నాన్న ఆ ఉత్తరం వైపు గోడ ఇద్దరు కూలీలతో కలిసి పన్నెండు రోజుల్లో లేపాడు. మార్చి చివర్లో వీసా గడువు అయిపోయి వెళ్ళిపోయాడు, పైకప్పు చూడలేదు. ఇప్పుడు మే నెలలో పదకొండింటి దాకా ఏసీ అక్కర్లేదు. లైటు అసలే వెయ్యను.

ఆఖరి తనిఖీలో ఒక పేచీ మిగిలింది. గేటు దగ్గరి శాంపిల్ గోడ తీసేయమన్నారు. కూలీని మాట్లాడాను కూడా. వాడు సుత్తి ఎత్తేలోపు మా ఆవిడ ఆపింది. "ఏమండీ, దాని మీద మన తులసి కుండీ పెడితే?" అంది. ఒకటిన్నర పేజీ ఫారం, పేరు "ప్లాంటర్". హియరింగ్ లేదు, ఫోటో అడగలేదు, రెండు రోజుల్లో మెయిలొచ్చింది. నిన్నటి ఉత్తరంలో దాన్ని కూడా కలిపి రాశారు.

ఈ ఉదయం వీడియో కాల్లో నాన్నకి చూపించాను. కుండీ కాస్త పక్కకి జరపమన్నాడు, ఊదారంగు రాయి కనబడట్లేదని. జరిపాను. జూన్ వస్తోంది, తులసికి షేడ్ నెట్ కట్టాలి. దానికీ ఫారం ఉందేమో నేనైతే అడగదల్చుకోలేదు.