కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవ రూపం లేదని చెప్పి దొరికిపోయాను

మా స్కూల్లో సైన్స్ ప్రదర్శన ఇప్పుడే ముగిసింది. తడిసిన చొక్కా ఇంకా ఆరలేదు. రేపటికి కోపం చల్లారిపోతుంది, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

నేను సైన్స్ టీచర్ని. ఒకే పదార్థాన్ని మూడు స్థితుల్లో చూపించమంటే అందరూ ఐసు, నీళ్లు, ఆవిరి చూపిస్తారు. ఆ విసుగుతోనే ఈసారి కార్బన్ డయాక్సైడ్ ఎంచుకున్నాను. ఒక జాడీలో వాయువు, ఒక పళ్లెంలో డ్రై ఐస్ (అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్), మధ్యలో ద్రవం ఉండాల్సిన చోట 'లేదు' అని రాసిన అట్ట. ఎందుకంటే పన్నెండేళ్లుగా పిల్లల చేత నోట్సులో రాయిస్తున్నది అదే: 'కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవ రూపం లేదు, గడ్డ నేరుగా వాయువవుతుంది.'

వాయువు చూపించడం చిటికెలో పని. వంటసోడా మీద వెనిగర్ పోసి, పైకొచ్చిన వాయువును కొవ్వొత్తి మీదికి నీళ్లలా ఒంపితే ఆరిపోయింది. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి బుద్ధిగా కిందికే దిగుతుంది.

డ్రై ఐస్ కథ వేరు. ఐదు కిలోలు తెప్పించాను. థర్మాకోల్ పెట్టె వచ్చింది కానీ లోపలికి తేవాలంటే ఆఫీసు సంతకం కావాలట. ఇది మైనస్ 78.5 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఆగే సరుకు కాదు, నిమిషం నిమిషానికీ గాలిలో కలిసిపోతుంది అని చెప్పాను. "అయితే మా ఫ్రిజ్‌లో పెట్టండి సార్" అన్నారు. మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్ దానికి పొయ్యి లాంటిదని ఎంత చెప్పినా ఎక్కలేదు. పైగా ఎవరో శ్రద్ధగా మూత చుట్టూ టేపు వేసి బిగించారు! ఒక కిలో డ్రై ఐస్ వాయువైతే ఐదు వందల లీటర్ల పైమాటే. అదంతా ఎటు పోవాలి? పెట్టె పేలకపోవడం మా అదృష్టం. టేపు నేనే పీకేశాను. రెండో రోజు సంతకం అయ్యేసరికి రెండు కిలోలు కూడా మిగల్లేదు. సంతకం మాత్రం చెక్కు చెదరకుండా ఉంది.

అసలు పరువు పోయింది మాత్రం ల్యాబులో.

ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు పిల్లలతో రిహార్సల్ చేయిస్తున్నాను. గోడకున్న మంటలార్పే సిలిండర్లను చూసే కుర్రాడు అదే సమయానికి వచ్చాడు. పౌడర్ సిలిండర్లకు గేజి (లోపలి పీడనం చూపే ముల్లు) చూశాడు, చీటీ అంటించాడు. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌కు గేజే లేదు. నాకు వెంటనే అనుమానం. పది మంది పిల్లల ముందు గొంతు పెంచి, "గేజి లేని సిలిండర్‌ను బాగుందని ఎలా రాస్తావయ్యా?" అన్నాను.

"దీనికి గేజి ఉండదు సార్. లోపల ద్రవం ఉంటుంది. కాటా మీదే చూడాలి" అన్నాడు.

అక్కడ ఊరుకున్నా బతికిపోయేవాణ్ని. ఊరుకోలేదు. "కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవమేంటి? పిల్లల ముందు తప్పులు చెప్పకు" అన్నాను.

అతను ఎదురు మాట్లాడలేదు. సిలిండర్‌ను కాటా మీద పెట్టి, మెడ దగ్గర చెక్కి ఉన్న ఖాళీ బరువును ఒక పిల్లాడి చేత చదివించి తీసివేత చేయించాడు. నాలుగున్నర కిలోలు. "పదో వంతుకు మించి తగ్గితే మళ్లీ నింపుతాం. గేజి పెట్టినా లాభం లేదు సార్, ద్రవం చుక్క మిగిలినంతసేపూ ముల్లు ఒకే చోట ఉంటుంది" అని చెప్పి, చీటీ అంటించి వెళ్లిపోయాడు. పిల్లలు నా వంక చూడలేదు. చూసినా అంత బాధగా ఉండేది కాదు.

రాత్రి ఇంట్లో లెక్క వేశాను. ఆ సిలిండర్‌లో పట్టేది సుమారు ఏడు లీటర్లు. నాలుగున్నర కిలోల వాయువు మామూలు గాలి పీడనంలో రెండున్నర వేల లీటర్లు. 20 డిగ్రీల దగ్గర సిలిండర్‌లో పీడనం 57 బార్లు, అంటే గాలి పీడనానికి దాదాపు 57 రెట్లు ఉంటుంది. అంత నొక్కినా వాయువుగానే ఉంటే ఇరవై లీటర్ల పైన చోటు కావాలి. ఏడు లీటర్లలో ఇమిడిందంటే చాలావరకు ద్రవమై ఉండాల్సిందే. ఏళ్ల తరబడి నా వీపు వెనక గోడకు వేలాడుతున్నది ద్రవ కార్బన్ డయాక్సైడే!

పాత పుస్తకాలు తీశాను. ఇంగ్లండు శాస్త్రవేత్త ఫారడే కాలంలో, 1823లోనే, దీన్ని ఒత్తిడితో ద్రవంగా మార్చారు. 1835లో ఫ్రాన్సులో తిలోరియే అనే ఆయన ఆ ద్రవమున్న పాత్ర తెరిస్తే కొంత ఆవిరైపోయి, ఆ ఆవిరయ్యే చలికే మిగతాది మంచులా గడ్డకట్టింది. అంటే మొదటి డ్రై ఐస్ ద్రవంలోంచే పుట్టింది, నేనేమో ద్రవమే లేదంటున్నాను. నా వాక్యంలో 'మామూలు పీడనంలో' అన్న రెండు మాటలు తగ్గాయి, అంతే. గాలి పీడనానికి ఐదు రెట్లు దాటితే, మైనస్ 56.6 డిగ్రీల దగ్గర ఆ గడ్డ శుభ్రంగా కరుగుతుంది. ఇంకో పక్క 31 డిగ్రీలు దాటితే ఎంత నొక్కినా ద్రవం కాదు. అది ఆండ్రూస్ అనే రసాయన శాస్త్రవేత్త 1869లో తేల్చిన సంగతి.

ఇక 'లేదు' అట్ట చింపేసి, ద్రవాన్ని కళ్లారా చూపించాలని పంతం పట్టాను. మెత్తటి ప్లాస్టిక్ డ్రాపర్ తోక కోసి, బుడ్డిలో డ్రై ఐస్ పొడి నింపి, మెడ మడిచి బిగించాలి. మొదటిసారి గ్లోవ్స్ వేళ్లతో నొక్కాను. బుస్సుమని మొత్తం పోయింది. రెండోసారి ప్లయర్‌తో పట్టి నీళ్ల బీకరులో ముంచాను. పొడి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, తడిసినట్టయి, ఉన్నట్టుండి నీళ్లలాంటి ద్రవం! కరగని ముక్కలు అందులో తేలలేదు, అడుగుకు మునిగాయి. నీటిలో ఐసు తేలడం చూసిన కళ్లకు అది వింతే. ప్లయర్ కాస్త వదిలితే టప్పున మళ్లీ తెల్లటి మంచు. గొప్పలు అనుకోండి, ఏమైనా అనుకోండి, ఆ మునిగే ముక్కలను ఇంత దగ్గరగా పిల్లలకు చూపించిన టీచర్లు ఎక్కువమంది ఉండరు.

చేయాలనుకునేవాళ్లకు: కళ్లకు రక్షణ అద్దాలు తప్పనిసరి. గాజు వద్దు, బిరడా బిగించిన సీసా అసలే వద్దు. ద్రవం కనిపించగానే ప్లయర్ వదలాలి. పిల్లలకు చేతికివ్వకండి. కిటికీలు తెరవండి. ఏసీ గది కదా అని మా వాళ్లు తలుపులన్నీ మూసేశారు. అడిగితే "వాసనేం లేదు కదా సార్" అని నాకే ఎదురు ప్రశ్న. వాసన ఉండదు, అదే ప్రమాదం. 1986లో కామెరూన్‌లోని న్యోస్ సరస్సులోంచి ఇదే వాయువు ఒక్క రాత్రి ఎగదన్నితే 1,700 మందికి పైగా చనిపోయారు. ఈ మాట చెప్పాకే కిటికీలు తెరుచుకున్నాయి. పళ్లెం మీద కనిపించే తెల్లపొగ కార్బన్ డయాక్సైడ్ కాదు, చలికి గాలిలోని తేమ కట్టిన మంచుపొగ. అసలుది కంటికి కనిపించదు.

ఈ రోజు మూడుసార్లు చేశాను. మూడోసారి మాట్లాడుతూ వదలడం మరిచాను. డ్రాపర్ ఢామ్మంది, బీకరులో నీళ్లన్నీ నా మీదే. అన్నిటికన్నా చప్పట్లు దానికే ఎక్కువ పడ్డాయి.

సర్దుకుంటుంటే, ఆ రోజు తీసివేత చేసిన పిల్లాడు నోట్సు పట్టుకొచ్చాడు. "సార్, ద్రవ రూపం లేదని రాయించారు కదా, కొట్టేయమంటారా?"

పెన్ను తీసుకుని నేనే కొట్టేశాను.