పది నిమిషాల సెమినార్, ఒక చెనిక్కాయ చెట్టు

అనంతపురంలో డిగ్రీ చివరి ఏడాది బాటనీలో సెమినార్ ఇవ్వమన్నారు. పది నిమిషాలు, ఇంగ్లీషులో. నేను ఇంటర్ దాకా తెలుగు మీడియం. మా ఇంట్లో పండేది చెనిక్కాయే కాబట్టి వేరుశనగ తీసుకున్నాను.

మొదట 22 స్లైడ్లు చేశాను. దక్షిణ అమెరికా నుంచి పంట రావడం, శాస్త్రీయ నామం, జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అన్నీ పెట్టేశాను. హాస్టల్లో ఫోన్‌లో రికార్డు చేసుకుంటే 19 నిమిషాలు వచ్చింది. అంతా స్లైడు మీదున్నది చదవడమే.

ఆ శనివారం ఊరికి పోయి నాయనకు తెలుగులో చెప్పి చూశాను. రెండు నిమిషాలు విని ఆపేశాడు. "అమెరికా సంగతి ఎందుకమ్మా? ఊడ దిగేటప్పుడు వాన లేకుంటే ఏమైతుందో అది చెప్పు" అని, చేనిలోకి తీసుకుపోయి ఒక చెట్టు పీకి చేతికిచ్చాడు. పువ్వు నేలపైన పూస్తుంది. అక్కడి నుంచి ఊడ, అంటే సన్నని కాడ, దిగి మట్టిలోకి దూరాకే కాయ ఊరుతుంది. పైమట్టి ఎండి గట్టిపడితే ఊడ దూరలేదు, ఎంత పూత ఉన్నా కాయ ఉండదు. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే. నా స్లైడ్లలో మాత్రం అది పదిహేనోది.

రాత్రికి రాత్రే దాన్ని ముందుకు తెచ్చాను. ఆరు స్లైడ్లే మిగిలాయి. ఒక్కో స్లైడుకు ముందు తెలుగులో గట్టిగా చెప్పుకుని, తర్వాత ఇంగ్లీషులో చెప్పాను. మొదటి రెండు వాక్యాలు, చివరి వాక్యం మాత్రమే బట్టీ పట్టాను. మొత్తం బట్టీ పడితే ఒక్క మాట మరిచిపోయినా అంతా ఆగిపోతుంది. ముందురోజు ఖాళీ క్లాసులో స్నేహితురాలిని చివరి బెంచీలో కూర్చోబెట్టి, గొంతు అక్కడిదాకా వస్తోందా అని చూసుకున్నాను.

సెమినార్ రోజు చాలా టెన్షన్ పడ్డాను. తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిన చెట్టు పైకెత్తి, ఊడలు చూపిస్తూ మొదలుపెట్టాను. మధ్యలో 'పెనిట్రేట్' అన్న మాట గుర్తుకు రాలేదు. 'గో ఇన్‌టు ద సాయిల్' అని ముందుకు పోయాను. అందరికీ అర్థమైంది. జిప్సం ఎందుకు వేస్తారని ఒక మేడం అడిగారు. కాయకు కావలసిన కాల్షియం వేర్ల నుంచి సరిగా అందదు, ఊడలూ కాయలూ చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకుంటాయి, అందుకే కాల్షియం ఉన్న జిప్సం మొదళ్ల దగ్గర వేస్తారని చెప్పగలిగాను.

సాయంత్రం నాయన ఫోన్ చేశాడు.

"ఊడల సంగతి చెప్పినావా?"

"అదే ముందు చెప్పినా, నాయనా."