పేషెంటు పక్కన నడవని నర్సు

మా ఆసుపత్రి రెండో అంతస్తులో పొడుగాటి వరండా ఒకటి ఉంది. అందులో 30 మీటర్లు టేపుతో కొలిచి, ఈ చివర ఒకటి ఆ చివర ఒకటి నారింజ రంగు కోన్‌లు పెట్టాం. మూడేసి మీటర్లకు నేలమీద రంగు పట్టీ అంటించాం. గుండె పంపింగ్ తగ్గిన మనిషి ఆరు నిమిషాల్లో ఈ కోన్‌ల మధ్య ఎంత దూరం తిరగగలడో చూసి ఫారంలో వేయడం నా ఉద్యోగంలో ఒక పని. చూస్తే ఎవరైనా చేసేయొచ్చు అనిపిస్తుంది. నాకు మాత్రం సరిగ్గా చేయడం రావడానికి ఏడాది పట్టింది.

నేను గుంటూరులో జీఎన్‌ఎం నర్సింగ్ కోర్సు చదివి, 2003లో విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీసీయూలో, అంటే గుండె పేషెంట్ల ఐసీయూలో చేరాను. తొమ్మిదేళ్ళు అక్కడే. మధ్యలో ఉద్యోగం చేస్తూనే ఇగ్నో దూరవిద్యలో పోస్ట్ బేసిక్ బీఎస్సీ నర్సింగ్ కట్టి, రాత్రి డ్యూటీల్లో నోట్సు చదువుకుని పాసయ్యాను. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక మా వార్డుకి పల్లెటూళ్ళ నుంచి వచ్చేవాళ్ళు బాగా పెరిగారు. బైపాస్ అయ్యేది, కుట్లు ఆరేవి, డిశ్చార్జి రోజు ఫైలు చేతిలో పెట్టి "మందులు మానకండి, బరువులు ఎత్తకండి" అని పంపేసేవాళ్ళం. తర్వాత వాళ్ళేమయ్యారో మాకు తెలిసేది కాదు. కొందరి సంగతి మాత్రం తెలిసేది. మూడు నెలలు తిరక్కుండా కాళ్ళు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక రాత్రంతా కూర్చునే గడిపి, మళ్ళీ మా దగ్గరికే వచ్చేవారు.

అలా వచ్చినవాళ్ళని అడిగితే చాలామంది మంచం దిగలేదని చెప్పేవారు. ఇంట్లోవాళ్ళు ప్రేమ కొద్దీ దిగనివ్వలేదు. మా తాతయ్యకీ అంతే జరిగింది. గుండెపోటు తర్వాత ఆయన్ని వీధి అరుగు మీదికి కూడా రానివ్వలేదు మా నాయనమ్మ. ఆవిడని తప్పుపట్టలేం. ఒకప్పుడు డాక్టర్లే ఆరేసి వారాలు కదలకుండా పడుకోబెట్టేవారు. 1952లో అమెరికాలో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు గుండెపోటు పేషెంట్లని తొందరగా కుర్చీలో కూర్చోబెట్టడమే పెద్ద సాహసం అనిపించుకుంది.

2012లో మా కార్డియాలజీ మేడం రీహాబ్ యూనిట్ తెరిచారు, అంటే గుండె పేషెంట్లకి దగ్గరుండి వ్యాయామం చేయించి కోలుకునేలా చేసే విభాగం. ఫిజియోథెరపీ గది పక్కన రెండు ట్రెడ్‌మిల్‌లు, ఒక సైకిలు, ఒక బీపీ మిషను, నేను. ఎందుకు చేరావని అడిగితే గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పాపకి మూడేళ్ళు, రాత్రి డ్యూటీలు తప్పుతాయి కదా అని చేరాను.

అక్కడ నేర్చుకున్న మొదటి విద్య మనిషి ముఖం చదవడం. వ్యాయామం ఎంత కష్టంగా ఉందో పేషెంటే చెప్పాలి. దానికి బోర్గ్ స్కేలు అని 6 నుంచి 20 దాకా అంకెలుంటాయి. ఆరంటే ఏమీ లేదు, ఇరవై అంటే ఇక నావల్ల కాదు. కంకిపాడు వైపు నుంచి ఒక రైతు వచ్చేవారు. చొక్కా తడిసి, మాట ముక్కలుముక్కలుగా వస్తున్నా, ఎంత అనిపిస్తోంది బాబాయ్ గారూ అంటే, "ఇదేం కష్టమమ్మా, దమ్ము చేలో మోకాటి లోతు తిరిగినోణ్ణి. ఆరు వేసుకో" అనేవారు. అందుకని అంకె అడిగే ముందు ఏదో ఒకటి మాట్లాడించేదాన్ని. వరి ఎంత పండింది, కోడలు ఎప్పుడొస్తోంది. వాక్యం ఒక్క గుక్కలో చెప్పగలిగితే పర్వాలేదు. మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటే ట్రెడ్‌మిల్ వేగం తగ్గించేదాన్ని, ఆయన చెప్పిన ఆరుని పక్కన పెట్టేసి.

వచ్చినవాళ్ళు బాగానే కోలుకునేవారు. రావడం దగ్గరే వచ్చింది చిక్కు. మైలవరం నుంచి వారానికి మూడుసార్లు రావాలంటే బస్సు ఛార్జీ ఒకటే కాదు, తోడొచ్చే కొడుకుది ఆ పూట కూలి కూడా పోతుంది. మూడో వారానికి సగం పేర్లు రిజిస్టరులో ఖాళీగా కనిపించేవి. ఆడవాళ్ళయితే మొదటి రోజే చెప్పేసేవారు, "ఇంటెడు చాకిరీ చేస్తున్నాం, ఇంకా వ్యాయామం ఏంటమ్మా" అని. గుమ్మం దాకా వచ్చి, ట్రెడ్‌మిల్ మీద మగవాళ్ళని చూసి, చీర కొంగు సర్దుకుని వెనక్కి తిరిగిన ఒక పిన్నిగారు నాకింకా గుర్తు. ఆడవాళ్ళకి విడిగా ఒక పూట కేటాయించాలన్న బుద్ధి మాకు రెండేళ్ళ తర్వాత పుట్టింది.

అప్పుడే ఫోన్‌లో నడిపించడం మొదలుపెట్టాం. మీ ఇంటి నుంచి రామాలయం దాకా ఎంతసేపు పడుతోంది, వచ్చే వారం చెరువు గట్టు దాకా వెళ్ళగలరా అని. బరువు రోజూ చూసుకోవాలి. ఉదయం ఒంటికి వెళ్ళొచ్చాక, టిఫిను తినకముందు. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కండ కాదు, ఒంట్లో నీరు, వెంటనే ఫోన్ చేయాలి. సరే, బరువు చూసే మిషను ఎవరింట్లో ఉంది? ఒకాయన రోజూ ఎరువుల కొట్టుకి వెళ్ళి, బస్తాలు తూచే కాటా ఎక్కి, ఆ అంకె చేతి మీద పెన్నుతో రాసుకుని నాకు చెప్పేవాడు. ఉప్పు దగ్గర మాత్రం నేను ఓడిపోయాననే ఒప్పుకోవాలి. కూరలో తగ్గిస్తారు, ఆవకాయ లెక్కలోకి రాదంటారు. నీళ్ళు లీటరున్నర దాటొద్దని డాక్టరు చెబితే, చెంబు పక్కన పెట్టి చారు, మజ్జిగ కడుపునిండా తాగేవారు. అవి నీళ్ళు కాదట.

2015లో మేడం ఒక అధ్యయనంలో చేరారు. ఇంటి దగ్గరే చేసుకునే నడక, వ్యాయామం హార్ట్ ఫెయిల్యూర్ (గుండె పంపింగ్ తగ్గిన జబ్బు) ఉన్నవాళ్ళకి ఎంత ఉపయోగపడుతుందో చూడటం. నన్ను రీసెర్చ్ నర్సుగా వేశారు. పేషెంట్లతో చేసే అధ్యయనాల్లో పాటించాల్సిన నియమాల మీద గుడ్ క్లినికల్ ప్రాక్టీస్ అనే శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నాను కానీ, అందులో ఉన్నదాని అర్థం పేషెంట్ల దగ్గరే తెలిసింది.

ముందు అంగీకార పత్రం. చదువు రాని ఒక మామ్మగారికి నలభై నిమిషాలు కూర్చుని చెప్పాను. కొడుకు పెన్ను అందుకుని "నేను పెడతాలే సిస్టర్" అన్నాడు. కుదరదండీ, ఆవిడ తెలివిలో ఉన్నారు, తన నిర్ణయం తనే తీసుకోగలరు, అన్నాను. ఆయనకి కోపం వచ్చింది. అధ్యయనంతో సంబంధం లేని మనిషి సాక్షిగా ఉండి, నేను చెప్పిందంతా విని సంతకం చేయాలి. ఆవిడ వేలికి సిరా పూయబోతుంటే చెయ్యి వెనక్కి లాక్కుని, "ఈ కాగితం మీద వేలిముద్ర వేస్తే పొలం పోదుగా?" అని అడిగింది. నేను నవ్వబోయి ఆగాను. ఆవిడ అంతకుముందు వేలిముద్ర ఎక్కడ వేసిందో, ఏం పోయిందో నాకేం తెలుసు? మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను. ఆరోజు వేయలేదు. మర్నాడు తనంతట తనే వచ్చి వేసింది.

తర్వాత ప్రశ్నలు. జీవితం ఎలా ఉందో అడిగే కాన్సాస్ సిటీ ప్రశ్నాపత్రం అని ఒకటుంది. అమెరికాలో పుట్టింది కాబట్టి మూలంలో ఒక బ్లాకు దూరం నడవగలరా, బస్సు అందుకోవడానికి పరుగెత్తినట్టు వెళ్ళగలరా అని ఉంటుంది. ప్రశ్న ఉన్నదున్నట్టు చదవాలి, సొంతంగా విడమరచి చెప్పకూడదు. నాకేమో విడమరచి చెప్పకుండా ఉండటం చేతకాదు. పన్నెండేళ్ళు చేసిందే అది. "పల్లెవెలుగు బస్సయితే చెయ్యెత్తితే ఆగుద్ది, పరుగెందుకు?" అన్నాడొకాయన. ప్రశ్న మళ్ళీ చదివాను.

నడక పరీక్షలో మాత్రం నేను నిజంగానే తప్పు చేశాను. పేషెంటు మోచేతి దగ్గర నా చెయ్యి ఉంచి పక్కనే నడిచేదాన్ని. "భలే నడుస్తున్నారు బాబాయ్ గారూ, అదిగో కోన్ వచ్చేసింది, ఇంకొక్క చుట్టు!" అనేదాన్ని. ఒకరోజు స్టడీ కోఆర్డినేటర్ వచ్చి గోడకానుకుని ఇదంతా చూసింది. అయ్యాక "ఈయన ఎన్నో పేషెంటు?" అంది. పన్నెండు అన్నాను. మరి ముందు పదకొండు మందికీ ఇలాగే చేశారా అంది. అవునన్నాను, గర్వంగానే. ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది.

పక్కన నడవకూడదు. నిమిషానికోసారి, అందరికీ ఒకే గొంతుతో, రాసిపెట్టిన మాటే చెప్పాలి: "బాగా నడుస్తున్నారు. ఇంకా అయిదు నిమిషాలుంది." అంతే. ఆయాసం వస్తే ఆగొచ్చు, గోడకి ఆనుకోవచ్చు, గడియారం మాత్రం ఆగదు. ఇదంతా నేను శిక్షణలో విన్నదే. ఏదో మరీ పట్టింపు అనుకున్నాను. ఆ సాయంత్రం కోఆర్డినేటర్ 1984 నాటి పేపరు ఒకటి చేతిలో పెట్టింది. కెనడాలో గయాట్ బృందం ఊపిరితిత్తుల జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్ళని కొందరిని ప్రోత్సహిస్తూ, కొందరిని ప్రోత్సహించకుండా నడిపించి చూసింది. మాటలతోనే దాదాపు 30 మీటర్ల తేడా వచ్చింది. వ్యాయామం పనిచేసిందని చెప్పాలంటే మేం వెతికే తేడా కూడా ఇంచుమించు అంతే. అంటే నేను మొదటి రోజే పేషెంటుకి 30 మీటర్లు కలిపేస్తే, పన్నెండు వారాలు కష్టపడి ఆయన సంపాదించుకున్నది చివర్లో కాగితం మీద కనిపించదు.

పదకొండు మంది అప్పటికే వ్యాయామం మొదలుపెట్టేశారు. మళ్ళీ మొదటి పరీక్ష పెట్టడానికి లేదు. ఒక్కొక్కరి పేరిట ప్రోటోకాల్ డీవియేషన్ ఫారం, అంటే అధ్యయనం పద్ధతి తప్పామని రాసిచ్చే కాగితం నింపి, కారణం దగ్గర నా తప్పే రాసి సంతకం పెట్టాను. మేడం తిట్టలేదు. తిడితే బాగుండేది.

ఆ తర్వాత కుర్చీ వేసుకుని కోన్ దగ్గర కూర్చోవడం అలవాటు చేసుకున్నాను. చెప్పినంత తేలిక కాదు. నా దగ్గరే రెండేళ్ళు రీహాబ్‌కి వచ్చిన మనిషి, నాలుగో నిమిషంలో గోడకానుకుని, పలకవేంటి అన్నట్టు నా వైపు చూస్తాడు. ఏదైనా ప్రమాదం కనిపిస్తే లేచి ఆపుతాను. లేకపోతే గడియారం చూసుకుంటూ, "బాగా నడుస్తున్నారు. ఇంకా రెండు నిమిషాలుంది" అంటాను. కంకిపాడు రైతు రెండో పరీక్ష అయ్యాక "ఏం సిస్టరమ్మా, నామీద కోపమా?" అని అడిగారు. ఫారం పూర్తిచేశాక కాఫీ తాగిస్తూ సంగతంతా చెప్పాను. "అట్టయితే ముందే చెప్పొచ్చుగా" అన్నారు. నిజమే. అప్పట్నుంచీ పరీక్ష ముందే చెబుతున్నాను, ఆ ఆరు నిమిషాలు రాసిపెట్టిన మాట తప్ప నేనింకేమీ మాట్లాడను, ఏమీ అనుకోవద్దని.

ఆరు నెలలకీ ఏడాదికీ ఫోన్ చేయాలి. కొన్నిసార్లు కొడుకో కోడలో ఎత్తి "నాన్నగారు పోయారండీ" అంటారు. ఫారంలో తేదీకి ఒక గడి, కారణానికి ఒక గడి ఉంటాయి. అవి అడగాలి. తిరువనంతపురంలో 2013లో హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆసుపత్రుల్లో చేరిన 1,205 మందిని నమోదు చేసి వెంట పడ్డారు. అయిదేళ్ళలో నూటికి 59 మంది లేరు. ఈ ఫోన్లు మొదలయ్యాకే నేనా పేపరు చదివాను. ముందే చదివుంటే ఈ పనిలో చేరేదాన్నా అంటే చెప్పలేను. తేదీ అడిగాక ఫోన్ వెంటనే పెట్టేయను. అవతలివాళ్ళు మాట్లాడినంతసేపూ వింటాను. దానికి ఫారంలో గడి లేదు, ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు కొత్తగా వచ్చే నర్సులకి నేనే నేర్పుతున్నాను. పోయిన వారం చేరిన అమ్మాయి ఐసీయూ నుంచే వచ్చింది, చురుకైన పిల్ల. నిన్న చూస్తే ఒక పెద్దాయన మోచెయ్యి పట్టుకుని, "ఇంకొంచెమే తాతగారూ, ఇంకొంచెమే" అంటూ వరండా చివరిదాకా నడిపిస్తోంది. ఆరు నిమిషాలు అయ్యేదాకా ఆగి, ఆయన్ని కూర్చోబెట్టి, బీపీ చూశాక, డీవియేషన్ ఫారం ఒకటి తెచ్చి ఆ అమ్మాయికిచ్చాను. కారణం ఎక్కడ రాయాలో చూపించాను.